మునీరా ఆకుపచ్చ చుక్క

మునీరా స్క్రూడ్రైవరుకు చెక్క పిడి ఉండేది. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ పిడిని చేరిన వారంలోనే ఊడగొట్టి, వాళ్ళ నాయన నర్దికర్రతో చెక్కిచ్చిన పిడి బిగించుకుని వచ్చింది. అది చూసి నేను షెడ్డంతా వినబడేట్టు కేకలేశాను. కంపెనీ సామాను ఊడగొట్టడానికి నువ్వెవరని అడిగాను. ఆమె బెదరలేదు, ఎదురూ చెప్పలేదు. "ఇదైతే చెమటకు జారదు సార్" అని తలొంచుకుని పని చేసుకుంది. నెల తిరిగేసరికి తక్కిన ఆడవాళ్ళంతా తమకూ ఒక్కో పిడి తెప్పించమని ఆమె వెంటపడ్డారు. మునీరా తెచ్చింది. నేను చూడనట్టు నటించాను.

నా పేరు జనార్దనయ్య. మద్రాసులో ఒక రేడియో కంపెనీలో పన్నెండేళ్ళు పనిచేసి, ఎనభై మూడులో ఆత్మకూరుకు వచ్చాను. నెల్లూరు రోడ్డు మీద కొండయ్య గారు ఒక రేకుల షెడ్డు వేసి ఎలక్ట్రానిక్ సామాన్ల పని మొదలుపెట్టారు. ఆయనది అనంతసాగరం వైపు వ్యవసాయ కుటుంబం. వడ్లు, పశువులు తప్ప ఇంకేమీ ఎరగని మనిషికి మద్రాసు స్నేహితుడెవరో ఈ ఆశ పుట్టించాడు. ఓనరు ఆయన, సూపర్వైజరును నేను, పనిచేసేవాళ్ళు పద్నాలుగు మంది ఆడవాళ్ళు. కేకలెయ్యడమే సూపర్వైజరు పని అని ఆ రోజుల్లో నా నమ్మకం. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నాకు గొప్పేమీ లేదు. అయినా మునీరా ఎలాంటి మనిషో చెప్పాలంటే నేను చేసిన పాడుపని చెప్పక తప్పదు.

మునీరాది ఉదయగిరి. వాళ్ళ నాయన బర్కతుల్లా చెక్క చెంచాలు, గరిటెలు, కవ్వాలు చేసే మనిషి. కొండ కింద వాళ్ళ వీధిలో చాలా ఇళ్ళలో అదే పని. ఊహ తెలిసినప్పటి నుంచి ఆకురాయి పట్టి చెక్కను నున్న చేసిన చెయ్యి మునీరాది. తల్లి లేదు. ఇద్దరు చెల్లెళ్ళు బడికి పోతుండేవాళ్ళు. బర్కతుల్లాకు కళ్ళు మసకబారి ఉలి పట్టడం కష్టమయ్యాక ఆ ఇంటికి మునీరా జీతమే ఆధారమైంది. పదో తరగతి పాసైంది కాబట్టి మా షెడ్డులో పని దొరికింది. వారమంతా ఆత్మకూరులో పిన్నమ్మ సుగ్రాబీ ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం ఉదయగిరి బస్సెక్కేది. సోమవారం మొదటి బస్సుకు తిరిగి వచ్చేది. మూడేళ్ళలో ఒక్క సోమవారం కూడా ఆలస్యం కాలేదు. గడియారం చూసుకుంటూ గేటు దగ్గర నిలబడేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

మేము చేసేవి ఇంటర్‌కమ్ పెట్టెలు. ఆఫీసులోనో మిల్లులోనో ఆరు గదుల్లో ఆరు ఫోన్లు పెట్టి, ఒక గది నుంచి ఇంకో గదికి మాట్లాడుకోవడానికి మధ్యలో గోడకు బిగించే ఇనప పెట్టె అది. లోపల అట్టలాంటి కార్డు ఒకటి ఉంటుంది. దాని మీద రాగి గీతలు, ఆ గీతలను కలుపుతూ చిన్న చిన్న సామాన్లు. కార్డు అంచున ఆరు సాకెట్లు వరసగా ఉంటాయి. గదుల నుంచి వచ్చే వైర్ల కొసలు ఆ సాకెట్లలో దూరిస్తే టక్కున పట్టుకుంటాయి, ఇక జారవు. ఒక్కో కార్డు పద్నాలుగు చేతులు మారేది. ఎవరి పని పక్కన వాళ్ళు ఎనామిల్ రంగుతో చుక్క పెట్టాలని నేనొక రూలు పెట్టాను. తప్పు ఎవరిదో నిమిషంలో తెలిసిపోవాలని నా ఉద్దేశం. మాలకొండమ్మది తెల్లచుక్క, వెంకమ్మది నీలం, మునీరాది ఆకుపచ్చ. ఆ రూలును చూసుకుని నేను చాలా మురిసిపోయేవాణ్ణి. షెడ్డు చూడ్డానికి ఎవరొచ్చినా మొదట ఆ చుక్కలే చూపించేవాణ్ణి.

ఎనభై ఏడు వేసవిలో మెట్ట ప్రాంతం ఆఫీసులకు, మిల్లులకు కలిపి మద్రాసులో మాకు పనిచ్చే కంపెనీ నుంచి నలభై పెట్టెల ఆర్డరు వచ్చింది. అంత పెద్దది అంతకు ముందెన్నడూ రాలేదు. మద్రాసు నుంచి కొత్తరకం సాకెట్లు దిగాయి. వాటిని కార్డు మీద ఎలా నిలబెట్టాలో మమ్మల్నే తేల్చుకోమన్నారు. అంటే, నన్ను.

సాకెట్టు కింద నాలుగు సన్నటి కాళ్ళు. రెండు పక్కలా రెండు చెవులు, చెవుల్లో ఒక్కో బెజ్జం. కాళ్ళను కార్డులో దించి, వెనక సీసం కరిగించి సోల్డరింగు చేసి వదిలెయ్యడం ఒక పద్ధతి. సోల్డరింగుతో పాటు ఆ చెవుల గుండా రెండు స్క్రూలు వేసి కార్డుకు బిగించడం ఇంకొకటి. అసలు కార్డుతో పని లేకుండా సాకెట్టును ఇనప పెట్టె గోడకే బిగించి, అక్కడి నుంచి కార్డుకు చిన్న వైర్లు లాగడం మూడోది. ఆ మూడోదానికి పెట్టె పెద్దది కావాలి, లోపల వైర్ల గందరగోళం. దాన్ని మొదటే వద్దనుకున్నాను. స్క్రూలు వెయ్యాలంటే కార్డుకు పన్నెండు బెజ్జాలు తొలవాలి, పన్నెండు స్క్రూలు బిగించాలి, పెట్టెకు ముప్పావుగంట పడుతుంది. దసరాలోపు నలభై పెట్టెలు పంపాలి. సోల్డరింగు ఒక్కటే చాలునని తేల్చేశాను.

ఆ మాట అందరికీ చెబుతుండగా మునీరా ఒక సాకెట్టును అటూ ఇటూ తిప్పి చూసి లేచి నిలబడింది.

"సార్, దీనికి చెవులుండాయి. చెవుల్లో బెజ్జాలుండాయి. చేసినోడు ఊరికే పెట్టుంటాడా?"

"వాడు అందరికీ పనికొచ్చేట్టు చేస్తాడు. మనకక్కర్లేదు" అన్నాను.

"సోల్డరు కరెంటు పోయేదానికి సార్. అది బరువు మొయ్యదు. మా నాయన కవ్వానికి కర్ర దిగ్గొట్టేటప్పుడు జిగురు పూస్తాడు. పూసి ఊరుకోడు, అడ్డంగా చీల గూడా కొడతాడు. ఉత్త జిగురైతే మజ్జిగ చిలికే ఆమె చేతిలోకి కర్ర వస్తాది, కవ్వం కుండలోనే ఉంటాది."

ఆడవాళ్ళంతా నవ్వారు. నవ్వింది కవ్వాన్ని తలుచుకుని. నన్ను చూసి నవ్వారని నాకు తోచింది.

"ఇది కవ్వాలు చేసే చోటు కాదు. అంత తెలిస్తే వచ్చి నా కుర్చీలో కూర్చో" అన్నాను.

మునీరా తన స్టూలు మీద తను కూర్చుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆమె అన్నదాంట్లో తప్పేముందో ఆ సాయంత్రమంతా వెతికాను. దొరకలేదు. దొరకనందుకు కోపం ఇంకా పెరిగింది. నాలాంటి వాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు, వాళ్ళకోసమే ఇది దాచకుండా చెబుతున్నాను.

కోపం సంగతి ఎలా ఉన్నా, సోల్డరింగులో ఆమెను మించిన చెయ్యి షెడ్డులో లేదు. మునీరా పెట్టిన అతుకు గుండ్రంగా, మెరుస్తూ, ఎక్కడా ఎక్కువ తక్కువ లేకుండా ఉండేది. అందుకని నలభై పెట్టెల సాకెట్ల పనంతా ఆమెకే ఇచ్చాను. రెండు వందల నలభై సాకెట్లు చేసింది. నలభై కార్డుల మీదా సాకెట్ల వరస పక్కన ఆకుపచ్చ చుక్క పడింది.

దసరా ముందు పెట్టెలు బిగించడానికి నేనే ఊళ్ళు తిరిగాను. కొత్త యంత్రం వచ్చిందంటే మన వైపు స్విచ్చి నొక్కి ఊరుకోరు. పసుపు కుంకుమ పెట్టాలి, కొబ్బరికాయ కొట్టాలి, దండ వెయ్యాలి. బస్సుకు వేస్తారు, టైపు మిషనుకు వేస్తారు, మోటారు పంపుకు వేస్తారు. మా పెట్టెకూ వేశాము. ఆయుధపూజ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. ఒక గదిలో గుమాస్తా "హలో" అంటే ఇంకో గదిలో ఆఫీసరు ఉలిక్కిపడి నవ్వడం చూసి నాకు భలే సంబరమేసింది. కాలరెత్తుకుని ఆత్మకూరుకు తిరిగొచ్చాను.

కార్తీకం దాటాక పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. బస్సు టాపు మీద ఒకటి, లారీలో రెండు, అలా డిసెంబరు ఆఖరుకు పదకొండు వచ్చాయి. అన్నిటిదీ ఒకే జబ్బు. సాకెట్లు కాళ్ళతో సహా ఊడి వేలాడుతున్నాయి, కొన్నిటికి కార్డు మీది రాగి గీత కూడా లేచిపోయింది. మద్రాసు నుంచి గట్టి ఉత్తరం వచ్చింది. కొండయ్య గారు ఆ ఉత్తరం పట్టుకుని షెడ్డుకు వచ్చారు.

"ఏంది జనార్దనయ్యా ఇది? ఇట్టయితే పని వేరే వాళ్ళకిస్తారంట. ఎవురి చుక్క ఉండాది దీనిమీద?"

"ఆకుపచ్చ. మునీరాది."

"పదకొండుకీనా?"

"పదకొండుకీ."

నలభై పెట్టెల సాకెట్లూ ఆమే చేసిందని, ఇంకో రంగు చుక్క ఉండే వీలే లేదని ఆయనకు తెలియదు. నాకు తెలుసు. ఆ ఒక్క ముక్క చెబితే చాలు. కానీ అది చెబితే, స్క్రూలు ఎందుకు వెయ్యలేదన్న మాట కూడా వస్తుంది. నేను నోరు మెదపలేదు.

"అయితే ఆ పిల్లను పంపించెయ్" అన్నారాయన. "మనిషిని మార్చినామని మద్రాసోళ్ళకు రాయి."

మునీరాను నా బల్ల దగ్గరికి పిలిచి, అందరూ చూస్తుండగా చెప్పాను. ఆమె ముఖంలో రంగు పోయింది. తిరిగొచ్చిన కార్డొకటి తీసుకుని, నా భూతద్దం అడక్కుండానే అందుకుని, చాలాసేపు చూసింది.

"సార్, ఒక్కసారి చూడండి. నా అతుకు సరిగా కరగక ఊడింది కాదిది. బాగనే పట్టుకోనుండాది. ఎవురో లాగినారు. కాలి చుట్టూ గుండ్రంగా చిట్లింది, లాగితేనే అట్ట చిట్లేది."

భూతద్దం నా వైపు చాపింది. నేను తీసుకోలేదు.

"మా ఇంటికి నా జీతం ఒకటే సార్. మీకు తెలుసు గదా."

"ఓనరు గారి మాట" అన్నాను. అంతకన్నా పిరికి మాట నా జన్మలో అనలేదు.

మునీరా ఏడవలేదు. తన స్క్రూడ్రైవరులోంచి కంపెనీ కడ్డీ ఊడదీసి బల్ల మీద పెట్టి, చెక్క పిడి ఒక్కటీ సంచిలో వేసుకుంది. ఆకుపచ్చ రంగు డబ్బీ మూత గట్టిగా బిగించి, ఎండిపోకుండా తలకిందులు చేసి పెట్టి వెళ్ళిపోయింది. తీసేసిన మనిషి కూడా కంపెనీ రంగు ఎండిపోతుందేమోనని చూసుకుని వెళ్ళింది. మీరే చెప్పండి.

ఆ తర్వాతి సోమవారం అలవాటు కొద్దీ గేటు దగ్గర నిలబడ్డాను. ఉదయగిరి బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ఆ రోజు ఎవరి మీదా కేకలెయ్యలేదు.

పదకొండు పెట్టెలూ మాలకొండమ్మకు ఇచ్చి, సాకెట్లు మళ్ళీ సోల్డరింగు చేయించాను. మాలకొండమ్మది ఆత్మకూరే, నోరున్న మనిషి, పనిలో మునీరా తర్వాత ఆమే. ఇప్పుడు సాకెట్ల పక్కన తెల్లచుక్క పడింది. సంక్రాంతి వెళ్ళాక పెట్టెలు పంపించాము. మార్చి సగానికి ఏడు తిరిగొచ్చాయి. అదే జబ్బు.

మాలకొండమ్మ ఒక కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇప్పుడు నన్ను పంపించేస్తావా సారూ? పంపించు. నా తర్వాత వెంకమ్మను పంపించు. ఆఖరికి నువ్వొకడివే కూసోని చుక్కలు పెట్టుకో. ఆ పిల్ల మొదటి రోజే చెప్పింది. నువ్వు ఇన్న్యావా?"

షెడ్డులో ఒక్కరు కూడా పనిలోంచి తలెత్తలేదు, కానీ ఒక్క చెయ్యీ కదలడం లేదు. నేను ఆ కార్డు తువాలులో చుట్టి సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచాను. ఎవరు లాగుతున్నారో నా కళ్ళతో చూడాలనుకున్నాను.

దుత్తలూరు వైపు ఒక ఆఫీసుకు వెళ్ళాను. ఆ ఊరి పేరు చెప్పను, అక్కడి అటెండరు మంచి మనిషి. పేరు వరదయ్య. బాగుచేసి రెండోసారి పంపిన పెట్టెల్లో ఇంకా పనిచేస్తున్నదొకటి ఆ ఆఫీసులో ఉంది. నన్ను చూడగానే వరదయ్య సంతోషంగా ఎదురొచ్చి పెట్టె దగ్గరికి తీసుకుపోయాడు.

పెట్టె గోడకు ఉంది. దాని పక్కనుంచి ఆరు వైర్లు బయటికి వచ్చి గోడ మీదికి పోతున్నాయి. ఆ వైర్ల మీద బంతిపూల దండ వేలాడుతోంది. తడి బట్టలో ఉంచి తెచ్చాడేమో, ఇంకా నీళ్ళు కారుతోంది. దాని వెనక వాడిన దండ. దాని వెనక ఎండి నల్లబడ్డ దండలు నాలుగో అయిదో. మధ్యలో దారానికి గుచ్చిన నిమ్మకాయలు. పైన ఫ్యాను తిరుగుతుంటే ఆ మోపు మొత్తం అటూ ఇటూ ఊగుతోంది. ఊగినప్పుడల్లా పెట్టెలోంచి కిర్రుమని చిన్న చప్పుడు వస్తోంది.

"ఏంది వరదయ్యా ఇది?"

"దండలు సార్. శుక్రవారం శుక్రవారం ఏస్తా ఉండా, ఒక్క వారం తప్పలేదు. పూజ చేసిన పూలు గదా, పాతవి నేను పెరకను. అయ్యే రాలాల."

"వెయ్యడానికి ఇంకో చోటే దొరకలేదా? వైర్ల మీదనే వెయ్యాలా?"

వరదయ్య నన్ను వింతగా చూశాడు. "మొదటి దండ మీరే గదా సార్ ఏసింది? ఈడనే ఏసినారు. రెండుసార్లు కిందికి లాగి, ఊడదులే అన్నారు గూడా. మిమ్మల్ని చూసే నేను ఏస్తా ఉండా."

నాకు గుర్తొచ్చింది. నున్నటి ఇనప పెట్టె, పైన పెడితే దండ జారిపోతోంది. వేలాడదియ్యడానికి కొక్కెం లేదు, అంచు లేదు. చేతికి అందినవి వైర్లే. ఒక్క ఈ ఆఫీసులోనే కాదు, వెళ్ళిన చోటల్లా నేను దండ వేసింది వైర్ల మీదనే. వాళ్ళంతా యంత్రం తెచ్చిన మనిషి చేసినట్టే చేస్తున్నారు. మునీరా అతుకులు ఆ బరువును రెండు నెలలు మోశాయి. 

నాకు తల కొట్టేసినట్టయింది. వరదయ్య ఇచ్చిన టీ అక్కడే వదిలేశాను. బయటికొస్తే ఆత్మకూరు పోయే బస్సు రోడ్డుకు అవతల, ఉదయగిరి పోయే బస్సు ఇవతల ఉన్నాయి. ఇవతలి బస్సెక్కాను.

బర్కతుల్లా ఇల్లు వెతుక్కోవలసిన పని పడలేదు, అడిగిన మొదటి మనిషే చూపించాడు. వాకిట్లో చాప మీద మునీరా కూర్చుని గరిటె పిడి ఆకురాయితో నున్న చేస్తోంది. చేతివేళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. మూడు నెలల్లో మనిషి సగమైంది. నన్ను చూసి లేచి, లోపలి నుంచి స్టూలు తెచ్చి వేసి, మళ్ళీ చాప మీద కూర్చుంది. బర్కతుల్లా గోడకు ఆనుకుని, వచ్చిందెవరని కూతురిని అడిగాడు.

"ఆత్మకూరు సార్" అంది.

నాకు మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక కార్డు తీసి చాప మీద పెట్టాను. ఆ చప్పుడుకు బర్కతుల్లా చెయ్యి చాచి దాన్ని అందుకున్నాడు. మసక కళ్ళ దగ్గరికి తీసుకోలేదు, వేళ్ళతోనే తడిమాడు. సగం ఊడిన సాకెట్టు దగ్గర వేళ్ళు ఆగాయి. అటూ ఇటూ కదిపి చూసి, రెండు పక్కలా చెవులు తడిమి, బెజ్జంలో గోరు పెట్టాడు.

"దీంట్లో చీలలేవి?" అన్నాడు.

"సార్ వద్దన్నారు" అంది మునీరా.

"ఎందుకు సారూ?"

కోపంగా అడగలేదు. తనకు తెలియని కిటుకు ఏదైనా ఉందేమో తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

"దసరాలోపు పంపాలని" అన్నాను.

"పంపినారా?"

"పంపాము."

"మళ్ళ ఈడికే వచ్చిందే" అన్నాడు కార్డును నిమురుతూ.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇక దాచలేదు. వైర్ల మీద దండల సంగతి, మొదటి దండ నేనే వేసిన సంగతి, అన్నిటి మీదా ఆకుపచ్చ చుక్కే ఎందుకుందో తెలిసీ ఓనరు గారి ముందు నోరు మూసుకున్న సంగతి, అంతా చెప్పాను. "తప్పు నాది మునీరా. నీది కాదు. మొదటి రోజు నుంచీ నాదే" అన్నాను.

మునీరా ఆకురాయి ఆపలేదు. గరిటె తిప్పి రెండో వైపు కూడా నున్న చేసి, ఊది, పక్కన పెట్టింది.

"ఈడ చెప్తే ఎట్ట సార్? నన్ను తీసేసినానని చెప్పింది ఆడ గదా, అందరి ముందర."

"అక్కడే చెబుతాను. అందరి ముందర."

"ఓనరు గారికో?"

"ఆయనకే ముందు చెబుతాను." అన్నాక నాకు భయమేసింది. "ఆయన నన్ను పంపించేస్తే?"

మునీరా అప్పుడు మొదటిసారి నవ్వింది. "మా నాయనకు గరిటెలు నున్న చేసేదానికి మనిషి కావాల సార్. కేకలెయ్యకూడదు, అంతే."

కొండయ్య గారు నా మాట పూర్తిగా విన్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "నా నోటితో ఆ ఆడబిడ్డను పొమ్మనిపించినావు గదయ్యా. మా ఇంట్లో పాలేరును గూడా కారణం లేకుండా పొమ్మనలేదు నేను." ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సోమవారం ఆ పిల్ల రావాలి, నువ్వు ఒప్పుకున్నట్టు అందరి ముందరా చెప్పాలి, ఆగిన మూడు నెలల జీతమూ ఇవ్వాలి అని చెప్పి వెళ్ళిపోయారు.

సోమవారం మొదటి బస్సుకు మునీరా దిగింది. నేను గేటు దగ్గర ఉన్నాను, గడియారం చూడలేదు. పద్నాలుగు మంది ముందు నిలబడి చెప్పాను. నేల చూస్తూ మెల్లగా చెప్పాను. మాలకొండమ్మ మాత్రం "ఇంకొంచెం గట్టిగా చెప్పు సారూ, వెంకమ్మకు చెముడు" అంది. వెంకమ్మకు చెముడేమీ లేదు. మళ్ళీ గట్టిగా చెప్పాను.

తర్వాత సాకెట్లు ఎలా బిగించాలో కూర్చుని మాట్లాడుకున్నాము. తప్పు దిద్దుకునే ఉత్సాహంలో నేను ఈసారి అవతలి కొసకు పోయాను. పెట్టె గోడకే బిగించేద్దాం, ఏనుగు లాగినా ఊడదు అన్నాను. మునీరా ఒప్పుకోలేదు.

"అప్పుడు కార్డు బయటికి తియ్యాలంటే ఇరవై నాలుగు వైర్లు విప్పాల సార్. బాగుచేసేది మనమే గదా. కార్డు మీదనే ఉండనీండి. చెవులకు స్క్రూలు ఎయ్యండి, చాలు."

"సరే. దండలు వెయ్యొద్దని ఒక కాగితం రాసి పెట్టె మీద అంటిస్తాను."

"ఇంటారా సార్? పూజ మానుకోమంటే ఎవురు మానుకుంటారు? పెట్టెకు ఒక పక్కన కొక్కెం పెడదాం. దండ దానికేసుకుంటారు."

అంత చిన్న కొక్కెం. ఒక మేకును వంచితే చాలు. నలభై ఊళ్ళు తిరిగిన నాకు అది తట్టలేదు.

మొదటి పెట్టె అలా తయారైంది. పన్నెండు స్క్రూలు మునీరా తన చెక్క పిడితోనే బిగించింది. సాకెట్టు పట్టుకుని నేను రెండు చేతులా లాగాను, కార్డు వంగింది గానీ సాకెట్టు కదల్లేదు. ఆమె తన డబ్బీ మూత తీసి వరస పక్కన ఆకుపచ్చ చుక్క పెట్టింది. రంగు ఎండలేదు. ఆ తర్వాత కార్డు నా ముందుకు జరిపింది.

"మా అందరికీ చుక్కలుండాయి సార్. స్క్రూలు ఎయ్యాల్నో వద్దో చెప్పినోళ్ళ చుక్క ఏదీ?"

షెడ్డులో మళ్ళీ చేతులాగిపోయాయి. నాలుగేళ్ళుగా నేను గర్వంగా చూపించుకున్న రూలులో నాకంటూ ఒక చుక్క లేదని అప్పటిదాకా నాకు తోచనే లేదు.

"ఏ రంగు పెట్టుకోమంటావు?" అన్నాను.

ఆమె అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. పసుపులో కొంచెం ఎరుపు కలిపిన చిన్న డబ్బీ ఒకటి సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. అచ్చం బంతిపూల రంగు. 

పుల్ల ముంచి, ఆకుపచ్చ చుక్క కింద నా చుక్క పెట్టాను. పుల్లకు రంగు ఎక్కువై పాకింది. మునీరా నా భూతద్దం అందుకుని, నేను అన్నాళ్ళూ వాళ్ళ పనిని చూసినట్టే, ఒక కన్ను మూసి తీరిగ్గా చూసింది.

"పెద్దదయింది సార్" అంది. "పరవాలేదు. కనపడాల."

ఆ పెట్టెను వరదయ్య ఆఫీసుకే పంపించాము.